ఛాయాగ్రహణ వృత్తి – అందుకు తగిన శిక్షణ

పరీక్షలు ముగిసిన పిమ్మట ఏమి చేయదలచినారని మా కళాశాల విద్యార్థులను అడిగితే, బి.ఎడ్. అనో, బ్యాంకు పరీక్ష అనో, గల్ఫు దేశమనో చెప్పేవారు ఎప్పుడూ ఉన్నారు. ఈ నడుమ మరొక సమాధానం తరచుగా వినవస్తున్నది. "ఫోటోగ్రఫీ చేస్తాను సార్" అంటున్నారు. ఈ మాట విన్న తండ్రులలో కొందరు నవ్వి ఊరుకొంటారు, కొందరు కోపగించుకొంటారు. కొడుకు కెమెరా కొరకు అప్పు చేయబోతున్నాడని తెలిసిన తల్లి మాత్రం మా వద్దకు వచ్చి, "మీరైనా చెప్పండి సార్" అంటుంది. ఏమి చెప్పవలెనన్న ఆలోచనయే ఈ వ్యాసానికి మూలం. వద్దని చెప్పుటకు మాకు మనస్కరించలేదు. కానిమ్మని చెప్పుటకు ముందు చెప్పవలసినవి చాలా ఉన్నవి.

ఈ కోరిక ఈ ప్రాంతపు బిడ్డలకు కలుగుట వింత కాదు. 1908 నాటి మూసీ వరదల తరువాత నగర రక్షణకై నిర్మించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు మనకు చేరువలోనే ఉన్నవి. వాటి నీరు చెడకుండుటకై 1996 మార్చి 8న ప్రభుత్వం జారీచేసిన 111వ ఉత్తర్వు 84 గ్రామాలలో కర్మాగారాలకు, పెద్ద కట్టడాలకు హద్దులు విధించింది. మొయినాబాదు మండలపు పల్లెలు అనేకం, చేవెళ్ళ వైపు కొన్ని, ఆ జాబితాలో చేరినవి. 2022లో ఆ హద్దులను మార్చుతూ మరొక ఉత్తర్వు వెలువడినా, నడుమ గడిచిన పాతికేళ్ళలో ఈ నేల రూపురేఖలు ఒక విధంగా స్థిరపడినవి. పొగగొట్టాలు రాలేదు. గులాబీ తోటలు, కూరగాయల మళ్ళు నిలిచినవి. వాటి నడుమ నగరవాసుల ఫారం హౌసులు, రిసార్టులు, పెండ్లిళ్ళకు అద్దెకిచ్చే తోటలు వెలసినవి. పచ్చిక, చెరువుగట్టు, ముసలి మర్రి ఉన్నచోటికి కెమెరా రాకుండా ఉండదు. హైదరాబాదు – బీజాపూరు రహదారి పొడవునా మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా వరుసతీరిన సుమారు 900 మర్రిచెట్లను గూర్చి, రోడ్డు విస్తరణలో వాటి గతి ఏమగునన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళిన సంగతిని గూర్చి మన విద్యార్థులు పత్రికలలో చదివే ఉంటారు. ఆ చెట్లను ఎన్నడూ చూడనివారికి వాటి సొగసును తెలిపినవి ఛాయాచిత్రాలే.

పెండ్లికి ముందే వధూవరులను మర్రినీడన నిలిపి చిత్రాలు తీయించుట ఇప్పుడు ఆచారమైనది. అందుకు నగరం నుండి స్టూడియోలవారు బండ్లలో దిగుతారు. వారి వెంట దీపపు గొడుగులు పట్టుటకు, బ్యాటరీలు మోయుటకు, రెండవ కెమెరా చేపట్టుటకు మన పల్లెల యువకులు దొరుకుతారు. రోజుకింత అని కూలి ముడుతుంది. మా విద్యార్థి ఒకడు రెండు సీజన్లు ఒక స్టూడియోవారి వద్ద ఇట్లే పనిచేశాడు. అతడు తీసిన చిత్రమొకటి వారి ప్రకటన పలకపై వెలసింది. అతని పేరు లేదు, అందుకు వేరుగా పైకమూ లేదు. "ఇది అన్యాయం కాదా సార్?" అని అతడు అడిగాడు. న్యాయాన్యాయాల మాట అటుంచి, చట్టం ఏమన్నదో అతనికి తెలియదు. ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. తీసిన చిత్రాల ప్రతులు దాచుకోలేదు. చేతికి పని వచ్చింది కాని వృత్తి రాలేదు. ఈ రెండింటి నడుమనున్న దూరాన్ని దాటించేదే శిక్షణ అని మా అభిప్రాయం. కెమెరా కొనుట దానిలో ఒక చిన్న భాగం, అది కూడా మొదటి భాగం కాదు.

ఆ దూరాన్ని దాటినవారిని వెదకుటకు పరదేశాలకు పోనక్కరలేదు. మన హైదరాబాదు సంస్థానపు ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ చరిత్రను చూస్తే చాలు. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందూరులో ప్రజాపనుల శాఖలో చేరాడు. అంచనాలు వేయుట, పటాలు గీయుట ఆయన ఉద్యోగం. కెమెరా చేపట్టినది 1874లో, అనగా ముప్పదవ యేట. ఆనాటి పద్ధతి ఎంత కష్టమైనదో నేటి విద్యార్థులు ఊహించలేరు. గాజుపలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయవలెను. తీసిన వెంటనే చీకటి గుడారంలో రసాయనాలతో కడగవలెను. కొద్ది నిమిషాలు ఆలస్యమైతే పలక వ్యర్థం. ఎండలో, దుమ్ములో, ఎద్దుబండిమీద గాజుపలకలను, సీసాలను మోసుకొనిపోయి కోటలను, దేవాలయాలను చిత్రించినవారు ఒక్క పలకనైనా ఆలోచించకుండా తీసి ఉండరు. నేడు ఒక పెండ్లిలో మూడువేల చిత్రాలు తీసి, ఏది మంచిదో తరువాత చూచుకోవచ్చునని అనుకొనేవారు ఈ సంగతిని కొంచెం ఆలోచించవలెను. జెలటిన్ పూతగల పొడి పలకను మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు 1871లో ప్రతిపాదించినప్పటికీ, అది అంగడిలో విరివిగా దొరకుటకు ఆ దశాబ్ది చివరి దాకా ఆగవలసి వచ్చింది.

1875-76లో వేల్సు యువరాజు భారతదేశానికి వచ్చినప్పుడు దీనదయాళ్ ఆ పర్యటన చిత్రాలు తీశాడు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్ఖండు ప్రాంతపు కట్టడాలను చిత్రించగా, ఆ చిత్రాలతో 1886లో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాలపై ఒక గ్రంథం వెలువడింది. ఆ దశాబ్ది నడుమ హైదరాబాదు చేరి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. 1894లో నిజాము ప్రభువు ఆయనకు రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ బిరుదాలను ప్రసాదించాడు. ముసవ్విర్ అనగా రూపచిత్రణ చేయువాడని ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. కత్తిపట్టిన యోధులకిచ్చే "జంగ్" అనే బిరుదాన్ని కెమెరా పట్టినవానికి ఇచ్చిన ఆ కాలపు దక్కను దర్బారు రసజ్ఞత మెచ్చదగినది. 1896లో బొంబాయిలో శాఖ తెరిచాడు, 1897లో విక్టోరియా రాణి నుండి రాజనియామక పత్రం పొందాడు, 1905లో మరణించాడు.

ఈ తేదీలను పరీక్ష కొరకు కంఠస్థం చేయుటవలన ప్రయోజనం లేదు. వాటి నడుమనున్న ఖాళీలను చూడవలెను. 1874లో కెమెరా పట్టినవాడు ఆ దశాబ్ది పూర్తిగా గడిచేదాకా ప్రభుత్వోద్యోగాన్ని విడువలేదు. జీతం వస్తున్నది, గాజుపలకలకు డబ్బు ఉన్నది, తప్పులు చేయుటకు వెసులుబాటు ఉన్నది. తన పనిని అడిగి వచ్చేవారు పెరిగిన తరువాతనే సెలవు పెట్టాడు, ఆపైన ఉద్యోగం మానినాడు. ఇక రెండవది, ఆయన కట్టడపు చిత్రాలలో గోడలు నిట్టనిలువుగా నిలుస్తాయి, గోపురపు నీడ ఎక్కడ పడవలెనో అక్కడే పడుతుంది. పటాలు గీసి అంచనాలు వేసిన కన్ను అది. కెమెరాకు పూర్వం నేర్చిన విద్య కెమెరాలోనికి వచ్చింది. మన విద్యార్థి వాణిజ్యశాస్త్రం చదివినా, వృక్షశాస్త్రం చదివినా, మా వలె సాహిత్యం చదివినా ఆ చదువు వ్యర్థం కాదు. డిగ్రీ మానివేసి కెమెరా కొంటామనేవారికి మేము చెప్పే మొదటి మాట ఇదే.

మూడవది ఎవరూ పట్టించుకోని విషయం. దీనదయాళ్ స్టూడియోలో పలకలకు సంఖ్యలు వేసేవారు. ఏ సంఖ్య ఏ దృశ్యమో పేరుతో సహా గుర్తించేవారు. అడిగినవారికి ఏండ్ల తరువాత కూడా అదే చిత్రాన్ని మరల అచ్చువేసి ఇవ్వగలుగుట ఆ పద్ధతి వలననే. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను సేకరించింది. 2006లో ఆయన స్మారక తపాలాబిళ్ళ వెలువడింది. నూరేండ్లు దాటిన గాజు నిలిచింది. నిన్నటి పెండ్లి చిత్రాలు మాత్రం మన కుర్రవాని ఫోను పోగానే పోతున్నవి.

ఆయన చరిత్రలో హెచ్చరిక కూడా ఒకటి ఉన్నది. ఆ సంస్థ వైభవానికి ప్రధానాధారం ప్రభువుల, దొరల ఆదరణ. స్థాపకుడు 1905లోను, పోషకుడైన మహబూబ్ అలీ ఖాన్ 1911లోను కాలం చేసిన తరువాత ఆ వెలుగు క్రమంగా తగ్గింది. ఒక్క పోషకునిమీద ఆధారపడిన కళ ఎంత గొప్పదైనా పోషకునితోపాటు వాడుతుంది. మన ప్రాంతపు ఛాయాచిత్రకారునికి ఆ ఒక్క పోషకుడు పెండ్లి. ఈ విషయానికి తిరిగి వస్తాము.

శిక్షణలో మొదట నేర్వవలసినది వెలుతురు. బస్రాలో 965లో జన్మించి కైరోలో జీవితం గడిపిన ఇబ్న్ అల్-హైసమ్, తన "కితాబ్ అల్-మనాజిర్"లో చూపును గూర్చి విచారించి, వెలుతురు వస్తువుల నుండి కంటికి చేరుటవలననే మనం చూస్తున్నామని నిరూపించాడు. చిన్నరంధ్రం గుండా చీకటిగదిలోనికి వచ్చిన కాంతి గ్రహణసూర్యుని నెలవంక రూపాన్ని గోడపై చిత్రించుటను ఆయన వేరొక చిన్న గ్రంథంలో వివరించాడు. 1839లో పారిసులో డాగ్యురే పద్ధతిని లోకానికి వెల్లడించుటకు ఎనిమిది శతాబ్దాల పూర్వపు మాట ఇది. ఈ పాఠాన్ని గదిలో చెప్పుటకంటె మర్రిచెట్టు కింద చెప్పుట మేలు. మిట్టమధ్యాహ్నం ఆ నీడలో నేలపై కనబడే గుండ్రని వెలుగుచుక్కలను అందరూ చూచియే ఉంటారు. ఆకుల నడుమ సందులు గుండ్రంగా ఉండవు. అయినా చుక్కలు గుండ్రంగానే ఉంటాయి. ఏలనగా ప్రతి చుక్క సూర్యుని బింబమే, ప్రతి సందు ఒక కెమెరాయే. 2019 డిసెంబరు 26న మన ప్రాంతంలో పాక్షిక సూర్యగ్రహణం కనిపించిన ఉదయాన చెట్ల కింద నేలను చూచినవారికి ఆ చుక్కలు నెలవంకలై కనిపించి ఉంటాయి.

అందమైన ఆ చుక్కలే పెండ్లికూతురి ముఖంపై పడితే చిత్రం చెడుతుంది. చెట్టునీడ చిత్రమునకు మంచిదనుట సగం సత్యం. ఎండకు, నీడకు గల తేడాను మన కన్ను సర్దుకొంటుంది, కెమెరా అంతగా సర్దుకోలేదు. నుదుటిపై తెల్లమచ్చ, చెంపపై నల్లమచ్చ మిగులుతాయి. ఉదయం ఏడు గంటలకు, సాయంత్రం అయిదున్నరకు వాలుగా వచ్చే వెలుతురులో అదే చెట్టు, అదే ముఖం వేరుగా ఉంటాయి. కనుక కెమెరా లేని విద్యార్థి కూడా ఒక అభ్యాసం చేయవచ్చును: ఒకే చెట్టును, ఒకే మనిషిని రోజులో అయిదు వేళలలో ఫోనుతోనే తీసి, అయిదింటిని పక్కపక్కన పెట్టి, తేడాలను మాటలలో వ్రాయవలెను. వ్రాయుట ముఖ్యం. చూచినదానిని మాటలో పెట్టలేనివాడు మరల దానిని కోరి తెచ్చుకోలేడు.

కొలతలు ఆ తరువాత వస్తాయి. నిండు ఎండలో కటకపు రంధ్రాన్ని 16వ అంకెపై ఉంచితే, ఐ.ఎస్.ఓ. 100 అయినప్పుడు సుమారు సెకనులో నూరవవంతు కాలం చాలునన్నది పాత ఫిలిం కాలపు సూత్రం. నేటికీ నిలిచే ఉన్నది. కెమెరాలోని కాంతిమాపకం లోకమంతా నడిమి బూడిదరంగులో ఉన్నదని భావించి కొలుస్తుంది. అందువలన తెల్ల షేర్వాణీ ధరించిన వరుని దాని ఇష్టానికి వదిలితే షేర్వాణీ మాసినట్లు, ముఖం నల్లబడినట్లు వస్తుంది. చిత్రకారుడే వెలుతురును ఒకటి రెండు మెట్లు పెంచవలెను. నల్ల బురఖాల బృందాన్ని తీసేటప్పుడు ఇందుకు విరుద్ధంగా తగ్గించవలెను. ఫ్లాషు విషయంలో భౌతికశాస్త్రపు విలోమవర్గ నియమం పనిచేస్తుంది: దూరం రెండింతలైతే వెలుతురు నాలుగవవంతే. షాదీఖానాలో రెండు వరుసలుగా నిలిచిన బంధువులను దగ్గరి నుండి ఫ్లాషుతో తీస్తే ముందువరుస తాతలు వెలిగిపోయి, వెనుకవరుస మనుమలు చీకటిలో మునుగుట ఇందువలననే. వెనుకకు జరిగి తీస్తే రెండు వరుసల దూరాల నిష్పత్తి తగ్గి సమానంగా వస్తారు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం మార్కుల కొరకే అనుకొన్నవారు ఇక్కడ ఆశ్చర్యపడుతారు.

ఇప్పుడు చట్టం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రం కళాకృతి. దానిని తీసిన వ్యక్తియే దాని కర్త. ఇంతవరకు వింటే సంతోషమే. అయితే 17వ సెక్షను మరొక మాట చెబుతున్నది. ప్రతిఫలం పుచ్చుకొని ఇతరుల కోరికపై తీసిన ఛాయాచిత్రానికి, విరుద్ధమైన ఒడంబడిక లేనప్పుడు, తొలి హక్కుదారు దానిని తీయించుకొన్నవారే. నౌకరుగా తీసినదానికి హక్కుదారు యజమాని. కనుక మా విద్యార్థి విషయంలో ఎట్లు చూచినా కాపీహక్కు అతని చేతికి రాదు. కాని 57వ సెక్షను ప్రకారం తన కృతికి తానే కర్తనని చాటుకొనే హక్కు, కాపీహక్కు ఇతరులదైన తరువాత కూడా, కర్తకే ఉంటుంది. "విరుద్ధమైన ఒడంబడిక లేనప్పుడు" అన్న ఆ మూడు మాటలలోనే యువకుని భవిష్యత్తు ఉన్నది. పని ఒప్పుకొనేటప్పుడు ఒక కాగితంపై రెండు పంక్తులు వ్రాసి ఇరువురు సంతకాలు చేస్తే చాలు: చిత్రాలను నమూనాలుగా చూపుకొనే అనుమతి ఎవరికి, పేరు వేయవలెనా లేదా. హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండవలెనని 19వ సెక్షను చెబుతున్నది. కాలపరిమితి వ్రాయకపోతే అది అయిదేండ్లుగా భావించబడుతుంది. ఛాయాచిత్రంపై హక్కు పూర్వం ప్రచురించిన నాటి నుండి 60 ఏండ్లు మాత్రమే ఉండేది. 2012 సవరణ తరువాత ఇతర కళాకృతులతో సమంగా కర్త జీవితకాలం, ఆపైన 60 ఏండ్లు అయినది. తీసిన చిత్రం మనుమని కాలం దాకా నిలిచే ఆస్తి అన్నమాట.

చట్టం అనుమతించినదంతా మర్యాద కాదు. మన ఇండ్లలో పెండ్లికూతురి చిత్రం ఎవరి ఫోనులో ఉండవలెనన్నది గౌరవానికి సంబంధించిన విషయం. ఇంటివారి అనుమతి లేకుండా ఒక్క చిత్రాన్ని తన ఫోను స్టేటసులో పెట్టినవానిని ఆ గడప మరల ఎక్కనీయరు, ఎక్కనీయనవసరమూ లేదు.

లెక్కల విషయం కొంచెం కఠినంగానే చెప్పవలెను. ఊహకు ఒక ఉదాహరణ తీసుకొందాము. కెమెరా, కటకం కలిసి 1,20,000 రూపాయలకు కొన్నాడనుకొందాము. మూడేండ్లు బాగుగా పనిచేస్తుంది. ఏడాదికి 40 పనులు దొరికినవి. అప్పుడు ప్రతి పనికి కేవలం యంత్రపు అరుగుదలే 1,000 రూపాయలు. పెండ్లి రెండు రోజులు. చిత్రాలను ఏరుట, రంగులు సవరించుట, ఆల్బం కూర్చుట మరి ఆరు రోజులు. ఎనిమిది రోజుల కూలిని, అప్పుపై వడ్డీని, పెట్రోలును, అరుగుదలను కలిపి చూడక, పక్క స్టూడియోవాడు అడిగినదానికంటె 500 తగ్గించి పని పట్టుకొనేవాడు రెండవ ఏటికి కెమెరాను అమ్ముకొంటాడు. బయానా పుచ్చుకొన్నప్పుడు రసీదు ఇచ్చుట, ఆల్బం అప్పగించే ముందే బాకీ వసూలు చేయుట నేర్వవలెను. మన దగ్గర బంధువులే మొదటి గిరాకీలు. "మనవాడే కదా" అన్న మాట ఖాతాపుస్తకంలో ఏ గడిలోనూ ఇమడదు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. సేవలు అందించేవారికి మన రాష్ట్రంలో ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జి.ఎస్.టి. నమోదు తప్పనిసరి కాదు. ముద్రా పథకంలో 50,000 రూపాయల లోపు "శిశు" ఋణం కలదు. తల్లి నగలు కుదువపెట్టే ముందు బ్యాంకు మేనేజరును కలిసి మాట్లాడుట మంచిది.

పెండ్లియే పోషకుడన్న మాటకు వస్తాము. ఆషాఢంలో, మూఢంలో హిందువుల ఇండ్లలో ముహూర్తాలుండవు. ముహర్రంలోను, రంజాను ఉపవాసాల నెలలోను మన ఇండ్లలో నికాహ్‌లు అరుదు. ఇవి వరుసగా వచ్చిన ఏటిలో చిత్రకారుని చేతులు నెలల తరబడి ఖాళీ. ఆ నెలలలోనే రెండవ జీవనాధారాన్ని పెంచుకోవలెను. మొయినాబాదు పూలతోటలవారికి, నర్సరీలవారికి, చేవెళ్ళ వైపు కూరగాయల రైతులకు నగరపు కొనుగోలుదారులకు చూపుటకు మంచి చిత్రాలు కావలెను. మన చుట్టూ ఉన్న ఇంజనీరింగు కళాశాలలకు ఏటేటా ప్రవేశపుస్తకాలు, ఉత్సవాల చిత్రాలు కావలెను. గులాబీని తీయుట సులభమనుకోరాదు. ఎర్రగులాబీ రంగును ఉన్నదున్నట్లు పట్టుకొనుట పెండ్లికూతురి ఎర్రజోడాను పట్టుకొన్నంత కష్టం. ఒకటి నేర్చినవానికి రెండవది వస్తుంది. ఆకాశం నుండి తీసే డ్రోనుల మోజు కూడా పెరిగింది. 2021 నాటి డ్రోను నియమాల ప్రకారం 250 గ్రాములకు మించిన డ్రోనును వ్యాపారం కొరకు ఎగురవేయువానికి పైలటు ధ్రువపత్రం ఉండవలెను. ఎగురవేసే ముందు డిజిటల్ స్కై పటంలో ఆ స్థలం ఏ మండలంలో ఉన్నదో చూడవలెను. శంషాబాదు విమానాశ్రయం మనకు దూరం కాదు.

విద్యార్థినుల సంగతి వేరుగా చెప్పవలెను. 1892లో దీనదయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో ఒకటి తెరిచాడు. ఎత్తైన గోడల నడుమ పరదా పాటించే స్త్రీల చిత్రాలు తీయుటకు కెనీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళను నియమించాడు. ఆ అవసరం నేడు తగ్గలేదు, పెరిగింది. జనానా వైపు జరిగే మెహెందీ, పసుపు వేడుకలకు స్త్రీ చిత్రకారులు కావలెనని అడిగే కుటుంబాలు చాలా ఉన్నవి. వారి కొరకు మొయినాబాదు తోటలకు మనుషులు నగరం నుండి వస్తున్నారు. మన బాలికలు ఆ తలుపు అవతల ఇదివరకే ఉన్నవారు. వారికి ఆ భాష, ఆ మర్యాద తెలుసు. ఢిల్లీలో దశాబ్దాలపాటు పత్రికా ఛాయాచిత్రాలు తీసి 2011లో పద్మవిభూషణ్ పొందిన హోమాయి వ్యారావాలా, 1913లో నవసారిలో పుట్టినప్పుడు ఈ దేశంలో ఆమె ముందు నడిచిన స్త్రీ ఆ వృత్తిలో లేదు. కూతురు రాత్రివేళ ఒంటరిగా తిరిగి రావలసి వచ్చునన్న తండ్రుల భయం సహేతుకమే. ఇద్దరు ముగ్గురు బాలికలు జట్టుగా పని పట్టుకొని, రాకపోకల బండి ఖర్చును ఒప్పందంలోనే చేర్చుకొంటే ఆ భయం చాలవరకు తీరుతుంది.

క్రమబద్ధమైన చదువు కోరేవారికి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో ప్రవేశపరీక్ష ద్వారా ఛాయాగ్రహణంలో బి.ఎఫ్.ఏ. పట్టం కలదు. ఆ లలితకళల కళాశాల 1940 నాటిది, 2008లో విశ్వవిద్యాలయమైనది. సినిమా ఛాయాగ్రహణం వైపు పోదలచినవారికి పూనాలో 1960లో స్థాపించిన ఫిలిం సంస్థ ఉన్నది. అందులో పోటీ తీవ్రం. ప్రైవేటు శిక్షణాలయాలు నగరంలో అనేకం; రుసుము కట్టే ముందు అక్కడ రెండేండ్ల కిందట చదివిన విద్యార్థి పనిని చూపుమని అడుగవలెను. యంత్రాలు చూపుతారు, భవనం చూపుతారు; అడగవలసినది విద్యార్థుల పని.

మా కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. ఇందుకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. వారానికి రెండు గంటలు, ఉత్తరపు కిటికీ ఉన్న ఒక గది, రెండు పాత కెమెరాలు, ఒక కంప్యూటరు, మూడు ప్రతులు దాచుకొనుటకు రెండు డ్రైవులు చాలు. భౌతికశాస్త్ర శాఖవారు కాంతిని, వాణిజ్యశాస్త్ర శాఖవారు ఖాతాలను, న్యాయవాది ఒకరు ఏడాదికి ఒకసారి ఒప్పందపత్రాన్ని బోధిస్తే సగం శిక్షణ ఇక్కడే ముగుస్తుంది. బాలికలకు వేరు సమయం, వేరు ఉపాధ్యాయిని ఉండవలెను.

మొదటి ఏడాది అభ్యాసంగా ఒక పని సూచిస్తాము. చేవెళ్ళ, మొయినాబాదు పల్లెలలో ఇంటింటా ఇనుపపెట్టెలలో తాతల కాలపు నలుపుతెలుపు చిత్రాలున్నవి: హజ్ యాత్రకు బయలుదేరిన నాటివి, బడి వీడ్కోలు సభలవి, పెండ్లిపీటలపైవి. చెమ్మకు, చెదలకు అవి పాడవుతున్నవి. కిటికీ వెలుతురులో, కెమెరాను పటానికి సమాంతరంగా నిలిపి, అద్దపు మెరుపు పడకుండా వాటికి ప్రతులు తీయుట అనుకొన్నంత సులభం కాదు. వెలుతురు, కొలత, ఓపిక మూడూ ఒకేసారి పరీక్షకు వస్తాయి. ప్రతి చిత్రానికి సంఖ్య వేయవలెను. పుస్తకంలో తేదీ, ఊరు, ఇంటివారి అనుమతి, చిత్రంలోనివారి పేర్లు వరుసగా ఎక్కించవలెను. అట్టల వెనుక ఉర్దూలో పెన్సిలుతో వ్రాసిన పేర్లను చదవగలవారు చాలా ఇండ్లలో ఒకరిద్దరు వృద్ధులే మిగిలినారు. కనుక ఈ పనిని వచ్చే వేసవి సెలవులలోనే, వారిని పక్కన కూర్చుండబెట్టుకొని మొదలుపెట్టవలసి ఉన్నది.